కట్టమీది దారి

చదువవలసిన భాగము: లూకా సువార్త 10వ అధ్యాయము, 30 నుండి 37 వచనములు.



పోయిన వర్షాకాలము చివర మన సంఘ యౌవనస్థులు నిజాంసాగర్ చూడవలెనని ఆశపడిరి. బోధన్‌లో ఒక జీపు కిరాయికి మాట్లాడుకొని, సద్దిమూటలు కట్టుకొని, ప్రార్థన చేసికొని తెల్లవారకముందే బయలుదేరితిమి. రుద్రూరు, వర్ని దాటి బాన్సువాడ తట్టు పోవుచుండగా వరిపొలములును, అక్కడక్కడ చెరుకు తోటలును, వాటి వెనుక రాతిగుట్టలును కనబడెను. బడాపహాడ్ గుట్టల నెత్తిమీద మబ్బు దిగియుండెను. పిల్లలు దారి పొడవునను పాటలు పాడుచునే యుండిరి.

కట్ట ఎక్కినప్పుడు మాత్రము అందరును పాట ఆపిరి. మంజీర నదికి అడ్డముగా 1923లో ఆరంభించి 1931లో ముగించిన కట్ట అది. అలీ నవాజ్ జంగ్ అను గొప్ప ఇంజనీరు దాని పనిని నడిపించెను. పొడవు సుమారు 3 కిలోమీటర్లు. దానిమీదనే బండ్లు పోవుటకు 14 అడుగుల వెడల్పుగల దారి యున్నది. ఒక ప్రక్క కంటికి అందనంత నీరు, మరియొక ప్రక్క లోతున పచ్చని చెట్లు. సృష్టికర్తను స్తుతించితిమి. ఫోటోలును తీసికొంటిమి.

ఆ దారి మధ్యను ఒక అవ్వ నెత్తిమీద మూటతో నడుచుచు, మా జీపును చూచి చెయ్యి ఎత్తెను. డ్రైవరు నా ముఖము చూచెను. "స్థలము లేదు, పోనియ్యి" అంటిని. స్థలము లేదనుట నిజమే. సర్దుకొనిన యెడల ఉండెడిదనుటయు నిజమే.

యెరూషలేమునుండి యెరికోకు దిగు దారియు కొండదారియే. బోడిగుట్టల నడుమ మెలికలు తిరుగుచు సుమారు 1,000 మీటర్లు క్రిందికి దిగును. దేవాలయపు పని ముగించుకొనిన యాజకుడు ఆ కొండలను చూచి కీర్తన పాడుకొనుచు వచ్చెనేమో! ప్రభువు ఆ సంగతి చెప్పలేదు. అతడు పడియున్నవానిని చూచెననియు, ప్రక్కగా పోయెననియు మాత్రమే చెప్పెను.

సాయంకాలము మేము తిరిగి వచ్చునప్పుడు ఆ అవ్వ బస్సు దొరకక కట్ట చివర చెట్టు క్రింద కూర్చుండియుండెను. నేను సిగ్గుపడి, జీపు ఆపించి దిగితిని. ఇద్దరు పిల్లలు వెనుక నిలువబడగా ఆమెకు చోటు కలిగెను. బాన్సువాడలో ఆమె బిడ్డ ఉన్నదట. మా పిల్లలలో ఒకడు, "అవ్వా, మీ ఊరు ఎంత మంచిగున్నది! రోజూ ఈ నీళ్లు చూస్తవు" అనెను.

"మా అమ్మ పుట్టిన ఊరు ఆ నీళ్ల కిందనే ఉన్నది కొడుకా. ఆమె బతికినన్ని దినాలు కట్ట ఎక్కలేదు" అని ఆమె చెప్పెను.

ఈ జలాశయము కొరకు సుమారు 40 గ్రామములు ఖాళీ చేయించిరని నేను చదివియుంటిని. చదువుట వేరు, ప్రక్కన కూర్చుండి వినుట వేరు. ఆ నీరే కాలువల వెంట మన పొలములకు వచ్చెను. దానివలననే చెరుకు పండెను. ఆ చెరుకు ఆడుటకే 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలసెను. మనలో ఎందరి తండ్రులు అక్కడి జీతముతో మనలను బడికి పంపిరి! 2015లో ఫ్యాక్టరీ మూతబడినప్పుడు మన కన్నీరు ఎవరు చూడలేదో ఈ రోజు వరకు లెక్కపెట్టుచున్నాము. మనము తిన్న అన్నము కొరకు ఎవరి ముంగిళ్లు మునిగెనో ఒక్కనాడైనను అడిగితిమా? నేను అడుగలేదు.

చీకటి పడువరకు జీపులో ఎవరును పాడలేదు. నాకు డిచ్‌పల్లి జ్ఞాపకము వచ్చెను. కొండలును సరస్సులును చూచుటకు లోకులు స్కాట్లాండునకు పోవుదురు. ఆ స్కాట్లాండునుండియే డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారును, ఆమె భర్త జార్జి కెర్ పాదిరిగారును 1907లో మన సీమకు వచ్చిరి. ఊరి వెలుపల కుష్ఠరోగులను చూచి వారు ప్రక్కగా పోలేదు. మన సంఘములవాడు కాని రాజా నర్సాగౌడు ధనమిచ్చెను. సమరయుడును అట్టివాడే గదా! 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి తెరువబడెను. అమ్మగారు 1932లో ఈ దేశములోనే కన్నుమూసెను.

బాన్సువాడలో దిగునప్పుడు అవ్వ మూట విప్పి పిల్లలకు సీతాఫలములు పంచెను. నా చేతిలోను ఒకటి పెట్టెను. ఉదయము తాను చెయ్యి ఎత్తిన జీపు ఇదేనని ఆమె ఎరుగునో ఎరుగదో, అడుగుటకు నాకు నోరు రాలేదు.