మా నాన్న ఎక్కనన్న చక్రాల కుర్చీ

పోయిన వారం మన ఛానల్లో గీత ఆరో అధ్యాయం మీద వీడియో పెట్టాం కదా, ఆ స్క్రిప్టు సరిచూస్తున్న రోజుల్లోనే మా ఇంట్లో ఒక గొడవ జరిగింది. చిన్న గొడవే గానీ నెల రోజులు నన్ను వదల్లేదు. అందుకే ఈసారి పోస్టులో స్తోత్రాలూ వ్రతకథలూ ఏమీ లేవు. పారిస్ ఉంది.

వచ్చే ఏడాదికి అమ్మానాన్నల పెళ్లయి 30 ఏళ్లు. నాన్న రైల్వేలో పనిచేసి రిటైర్ అయ్యారు. మా చిన్నప్పటి ప్రయాణాలన్నీ పాస్ మీదే. స్లీపర్ క్లాసు, స్టీల్ క్యారియర్లో పులిహోర, సీటు కింద గొలుసు వేసి తాళం పెట్టిన సూట్‌కేసు. ఆ తాళం ఉందో లేదో అని నాన్న రాత్రంతా లేచి చూసుకుంటూనే ఉండేవారు. ఈ మనిషిని ఒక్కసారైనా ఏ కంగారూ లేకుండా తిప్పాలని నా కోరిక. ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది, బోనస్ వచ్చింది, చేద్దాం అనుకున్నాను.

పది రోజుల్లో ఏడు దేశాలు చూపించే గ్రూప్ టూర్ వద్దే వద్దనుకున్నాను. ఒకటే ఊరు, ఎనిమిది రాత్రులు, ఒకటే హోటల్. రోజుకి చూసేది ఒక్కటి, మధ్యాహ్నం పడక. మన ఇంజనీర్ల జబ్బు తెలుసు కదా, దానికో ఎక్సెల్ షీటు వేశాను. లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు, కాబట్టి ఆ రోజు తోటలో కూర్చోవడమే. 2019లో కాలిపోయి 2024 డిసెంబర్లో మళ్లీ తెరిచిన నోత్రదాం చర్చికి ఒక పొద్దుట. పారిస్ మెట్రో స్టేషన్లు చాలావాటిలో లిఫ్టు లేదు, అన్నీ మెట్లే. అమ్మ మోకాళ్లకి అది కుదరదు, కాబట్టి డ్రైవర్‌తో కారు. విమానంలో కాళ్లు చాపుకుని పడుకునే సీట్లు. మొత్తం ఎంతయిందో ఇక్కడ రాయను. నాన్నకి కూడా సగమే చెప్పాను.

టికెట్ బుక్ చేసేటప్పుడు ప్రత్యేక సహాయం కావాలా అని ఒక గడి వస్తుంది. వీల్‌చైర్. ఇద్దరికీ టిక్ పెట్టేశాను.

ఈ చిట్కా మనవాళ్లలో తెలియనివారు లేరు. అమెరికా వెళ్లే అమ్మానాన్నలకి పిల్లలు చెప్పే మొదటి జాగ్రత్త ఇదే. వీల్‌చైర్ పెట్టించుకో, క్యూ ఉండదు, ఇమ్మిగ్రేషన్ దగ్గర ఇంగ్లీషు గొడవ ఉండదు, తోసేవాళ్లే గేటు దాకా తీసుకెళ్లిపోతారు. పైగా ఉచితం.

ప్రింటవుట్ చదువుతూ నాన్న ఆ లైను దగ్గర ఆగారు. "ఇదేంట్రా?"

చెప్పాను.

"అమ్మకంటే మోకాళ్లు. నాకెందుకు? నేను పొద్దున్నే పరేడ్ గ్రౌండ్స్‌లో అయిదు రౌండ్లు కొడతాను."

"అందరూ చేసేదే నాన్నా. మీకు సుఖంగా ఉంటుందని."

"నడవలేనని అబద్ధం చెప్పి, ఇంకొకరి చేత తోయించుకుంటే సుఖమెలా అవుతుందిరా? నేనెక్కను."

అంతే, పేపరు మడిచి టీవీ మీద పెట్టేశారు. నాకు కోపం వచ్చింది. లక్షలు ఖర్చుపెట్టి తీసుకెళ్తుంటే ఒక గడి దగ్గర పేచీ ఏంటి? ఈ తరం వాళ్లకి సుఖపడటం చేతకాదు అనుకున్నాను. మీలో చాలామంది మీ నాన్నగారి గురించి ఈ మాట అనుకునే ఉంటారు.

కానీ తర్వాత ఆలోచిస్తే, నాన్న సుఖం వద్దనలేదు. మెత్తటి సీటు వద్దనలేదు, హోటల్ వద్దనలేదు. కారు సంగతి వింటే సంతోషించారు కూడా. అయితే ఆయన గీత గీసింది ఎక్కడ?

భక్తి గురించి మాట్లాడే మనలాంటివాళ్లకి ఒక అలవాటు ఉంది. సుఖంగా ఉండే ప్రయాణం భోగం, కష్టపడి చేసేది పుణ్యం అని రెండు డబ్బాలు చేసేస్తాం. కాశీ అయితే ఒప్పు, పారిస్ అయితే తప్పు. గీతలో అలా లేదు. ఆరో అధ్యాయం 16, 17 శ్లోకాల్లో అతిగా తినేవాడికీ యోగం కుదరదు, అసలు తిననివాడికీ కుదరదంటాడు కృష్ణుడు. నిద్రకీ అదే లెక్క. విహారాన్ని కూడా మితంగా ఉంటే చాలన్నాడు, మానేయమనలేదు.

ఇక కాశీయాత్ర అంటే కష్టమే అనుకునేవాళ్లకి ఏనుగుల వీరాస్వామయ్యగారిని గుర్తుచేస్తాను. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసినాయన. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కాశీ చూసుకుని, 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు. దారిలో మన హైదరాబాదు, సికింద్రాబాదు కూడా చూశారు. ఆయన రాసుకున్నదంతా 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. అది కాలినడక యాత్ర కాదండీ. పల్లకీలు, వాటిని మోసే బోయీలు, డేరాలు, పెద్ద పరివారం, అన్నీ ఉన్నాయి. ఆ రోజుల లెక్కలో అది నిజమైన లగ్జరీ ట్రిప్పే. ఆయన పుణ్యానికేం తక్కువ కాలేదు కదా.

మరి పల్లకీ ఎక్కడమే తప్పు కాకపోతే, నాన్న పేచీ దేనికి? ఇక్కడే నాకు జడభరతుడు గుర్తొచ్చాడు.

భాగవతం అయిదో స్కంధంలో కథ. సింధు సౌవీర దేశాలకి రాజు రహూగణుడు. పల్లకీలో ప్రయాణం చేస్తున్నాడు. ఎక్కడికి? వేటకో విందుకో కాదు, కపిల మహర్షి దగ్గర తత్త్వం తెలుసుకోవడానికి. అంటే అది తీర్థయాత్రతో సమానం. ఇక్షుమతీ నది దగ్గర బోయీల్లో ఒక మనిషి తగ్గాడు. దారిలో కండపట్టి బలంగా ఉన్న ఒకడు కనిపిస్తే పట్టుకొచ్చి కొమ్ము కింద నిలబెట్టారు. వాడే జడభరతుడు. ఎవరేం చేయమన్నా చేసేవాడు, ఏమీ మాట్లాడేవాడు కాదు. మోయమంటే మోశాడు. అయితే కాలి కింద చీమో పురుగో పడుతుందేమోనని ముందు నేల చూసుకుని అడుగు వేసేవాడు. మిగతావాళ్ల అడుగుతో వాడి అడుగు కలవలేదు. పల్లకీ ఊగింది.

రాజు లోపలి నుంచి గద్దించాడు. మా తప్పు కాదు ప్రభూ, ఈ కొత్తవాడు సరిగా నడవడం లేదన్నారు బోయీలు. అప్పుడు రాజు వెటకారం మొదలుపెట్టాడు. పాపం బాగా అలిసిపోయావు తమ్ముడూ, ఇంత దూరం నువ్వొక్కడివే మోశావు కదా, ఒంట్లో కండ కూడా లేదు, ముసలాడివైపోయావు అని. జడభరతుడు పలకలేదు. పల్లకీ మళ్లీ ఊగింది. ఈసారి రాజు దండిస్తానని అరిచాడు.

అప్పుడు నోరు తెరిచాడు జడభరతుడు. బరువు, మోత, అలసట, లావు, సన్నం, ఇవన్నీ ఒంటికి సంబంధించిన మాటలు, నాకు కాదన్నాడు. ఈ రోజు నువ్వు రాజువి, నేను సేవకుణ్ణి, ఇది తారుమారు కావడానికి ఎంతసేపు అన్నాడు. మనం వేదాంతం క్లాసుల్లో అక్కడికే ఆగిపోతాం, ఆత్మకి అలసట లేదు అని చెప్పుకుని ఇంటికెళ్లిపోతాం. కానీ కొంచెం ముందుకెళ్తే పన్నెండో అధ్యాయంలో ఇంకో మాట ఉంది. నేల మీద పాదాలు, పాదాల మీద పిక్కలు, మోకాళ్లు, తొడలు, నడుము, ఛాతీ, మెడ, భుజం, ఆ భుజం మీద చెక్క, ఆ చెక్కలో సౌవీరరాజు అని పేరున్న ఇంకొంత మట్టి. ఇలా లెక్కగట్టి చెప్పి, ఆ తర్వాత అంటాడు: ఇప్పటికే కష్టంలో ఉన్న ఈ దీనుల్ని వెట్టికి పట్టుకొచ్చి మోయిస్తున్నావు, పైగా ప్రజల్ని రక్షించేవాణ్ణని చెప్పుకుంటున్నావు, నీకు దయ లేదు.

వెట్టి. తెలంగాణలో పుట్టినవాళ్లకి ఈ మాట కొత్తగా వివరించక్కర్లేదు. ఆత్మతత్త్వం చెప్తూ చెప్తూ ఆయన బోయీల కూలి దాకా వచ్చాడు చూడండి, నాకు ఆ చోట ఒళ్లు జలదరిస్తుంది. రాజు చేసిన తప్పు పల్లకీ ఎక్కడం కాదు. కింద మోస్తున్నది ఒక మనిషని పల్లకీ ఊగేదాకా గుర్తు రాకపోవడం. సుఖానికి అదొక గుణం ఉంది, బాగా కుదిరిందంటే దాన్ని మోస్తున్నవాళ్లు కనిపించరు. నా ఎక్సెల్ షీటులో కూడా ఎక్కడా ఎవరూ కనిపించకూడదనే కదా నేను కష్టపడింది!

నా టీములో ఒకమ్మాయికి ఇదంతా చెప్తే నవ్వేసింది. "రహూగణుడు జీతం ఇవ్వలేదు, నిజమే. ఎయిర్‌పోర్టులో తోసేవాళ్లకి జీతం వస్తుంది. అందరూ మీ నాన్నలా దిగిపోతే వాళ్ల ఉద్యోగాలు పోతాయి. అప్పుడు నీ జడభరతుడు తిండి పెడతాడా?" అంది.

మాట న్యాయమే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కూలి ఇచ్చి చేయించుకునే పనీ, వెట్టీ ఒకటి కావు. మోయడంలో అవమానం ఉందని కూడా నేననుకోను. తిరుమలలో స్వామి వాహనాల్ని భుజాన మోసే వాళ్లని చూడండి, అక్కడ మోయడమే భాగ్యం. అల్లసాని పెద్దన పల్లకీకి కృష్ణదేవరాయలే చెయ్యి ఆనించాడని చెప్పుకుంటాం. అంతదాకా ఎందుకు, మా సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి అమ్మవారిని ఇక్కడికి తెచ్చింది ఎవరనుకున్నారు? సురిటి అప్పయ్య, మిలిటరీలో డోలీ మోసే మనిషి. 1813లో ఆయన పటాలం ఉజ్జయినిలో ఉండగా ఇక్కడ కలరా వచ్చిందట. జనం బతికితే నిన్ను మా ఊళ్లో నిలబెట్టుకుంటానని అమ్మవారికి మొక్కుకుని, తిరిగొచ్చి 1815లో కర్ర విగ్రహం పెట్టాడని ఆలయ చరిత్ర. ఆ డోలీల్లో పడుకుని వెళ్లిన దొరల పేర్లు మనకి తెలియవు. బోనాల రోజు అక్కడి క్యూలో నిలబడిన ప్రతిసారీ నాకు ఈ సంగతి గమ్మత్తుగా అనిపిస్తుంది.

కానీ వీల్‌చైర్ విషయంలో మా టీము అమ్మాయి వదిలేసిన సంగతి ఒకటుంది. యూరప్ విమానాశ్రయాల్లో ఈ సహాయానికి ప్రయాణికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదని చట్టమే ఉంది. ఎందుకంటే అది నడవలేనివాళ్ల హక్కు, అమ్మే సౌకర్యం కాదు. నా మెత్తటి సీటుకి నేను డబ్బు కట్టాను, దాంతో ఎవరి సీటూ పోలేదు. వీల్‌చైర్ అలా కాదు. కుర్చీలూ తోసే చేతులూ ఆ పూటకి ఎన్నుంటే అన్నే. పోయిన ఏడాది ఒక ఫ్రెండ్‌ని దింపడానికి ఎయిర్‌పోర్టుకి వెళ్లినప్పుడు చూశాను. అమెరికా కౌంటర్ ముందు కుర్చీలు బారుగా ఉన్నాయి, కూర్చున్నవాళ్లలో కొందరు మధ్యలో లేచి వెళ్లి మనవలకి చాక్లెట్లు కొనుక్కొచ్చి మళ్లీ కూర్చున్నారు. పక్కన కొడుకు భుజం పట్టుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది, ఇంకో కుర్చీ వస్తుందని చెప్పారట. ఆ రోజు నాకది కామెడీగా అనిపించింది. ఫోటో కూడా తీశాను.

మొదటిసారి పెద్ద ఎయిర్‌పోర్టులో భాష రాక తప్పిపోతామనే భయంతో కుర్చీ అడిగేవాళ్లని మాత్రం నేను తిట్టలేను. ఆ భయం నిజమైనదే. అయితే తోడు కావాలని అడగొచ్చు, గేటు దాకా పక్కన నడిచే మనిషిని అడగొచ్చు. నడవలేనని చెప్పక్కర్లేదు. నేనైతే అదీ అడగలేదు. నేను పక్కనే ఉంటాను, నాకు ఇంగ్లీషు వచ్చు. క్యూ తప్పుతుందని టిక్ పెట్టాను, అంతే. దర్శనానికి ఎవరి లెటరైనా దొరుకుతుందా అని వెతికే బుర్రే ఇక్కడా పనిచేసింది.

టిక్ తీసేశాను. నాన్నది మాత్రమే. అమ్మది ఉంచాను. ఆమెకి అది కావాలి, సిగ్గుపడాల్సిన పని లేదు.

ఆ తర్వాత షీటు కొంచెం మారింది. కారు అన్ని రోజులూ కాకుండా మూడు రోజులకి. మిగతా రోజులు బస్సు, అక్కడి బస్సులకి మెట్లు ఎక్కే బాధ తక్కువ, పైగా ఊరు కనిపిస్తుంది. హోటల్ మార్చలేదు, సీట్లూ మార్చలేదు. వాటి మీద కూడా వైరాగ్యం వచ్చిందని చెప్తే అబద్ధం అవుతుంది. తేదీలు మాత్రం ఆగస్టు చివరికి జరిపాను. పారిస్ పద్దెనిమిదో వార్డులో 1985 నుంచీ ఒక వినాయకుడి గుడి ఉంది, మాణిక్క వినాయకర్ ఆలయం. శ్రీలంక తమిళులు ఎక్కువగా వస్తారు. ఆ రోజుల్లో అక్కడ రథోత్సవం చేస్తారు, వీధిలో కొబ్బరికాయలు కొట్టి, తాళ్లు పట్టుకుని రథం లాగుతారు. ఈ సంగతి చెప్పగానే నాన్న మొదటిసారి షీటు తన చేతిలోకి తీసుకున్నారు. "తాడు పట్టుకోనిస్తారా మనల్ని?" అన్నారు. పట్టుకోనిస్తారనే అనుకుంటున్నాను.

అమ్మకి రథం సంగతి కంటే కుర్చీ సంగతే పట్టుకుంది. "నన్ను తోసే మనిషితో నేనేం మాట్లాడాలిరా? ఊరికే కూర్చుంటే బాగుండదు కదా" అంది. బోంజూర్, మెర్సీ అని రెండు మాటలు నేర్పాను. మెర్సీ బాగానే వచ్చేసింది. బోంజూర్ దగ్గర ఇంకా బెంజి కారులా పలుకుతోంది. పొద్దున్నే పాలవాడి మీద ప్రాక్టీసు చేస్తోంది.