అడవి ప్రాణికి దాసోహము

వాకిట నిలిచిన జంగమునకు అన్నమిడుట దాసోహమని వీరశైవ గృహములలో పసిబిడ్డకు సైతము తెలియును. వరదపాలైన పల్లెవారికి మఠములు వంటశాలలు తెరచుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. అయితే అన్నమిడ వచ్చిన చేతిని చూచి బెదరి పారిపోవు ప్రాణికి దాసోహమెట్లు చేయవలెను? కృతజ్ఞత చూపని, చూపరాని జీవి విషయమున దయ ఏ రూపము దాల్చవలెను? ప్రకృతి వైపరీత్యములలో అడవి మృగములను కాపాడ పూనుకొన్నవారికి ఈ ప్రశ్న ప్రతిదినము ఎదురగుచున్నది.

బసవేశ్వరుడు ధర్మమునకు దయను పునాదిగా నిలిపెను. బలికి కొనిపోబడు మేకను గూర్చి ఆయన వచనములలో వ్యక్తమైన వేదన ప్రసిద్ధము. కావున మూగజీవుల యెడ దయ చూపవలెనా అను సందేహమునకు శరణమార్గమున తావు లేదు. సందేహమెల్ల దయ పేరిట చేయు పనిని గూర్చియే. దానమున దాత యొకడు, గ్రహీత యొకడు. ఇచ్చితినను తలపు దాతను విడువదు. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. సొమ్ము శివునిది, స్వీకరించువాడు శివరూపుడు, నడుమ నున్నవాడు నిమిత్తమాత్రుడు. అడవి మృగమును జంగమమనుట శాస్త్రజ్ఞులకు సమ్మతము కాకపోవచ్చును. అయినను జంగమ శబ్దమునకు చరించునదని అర్థము కలదు గదా! ఈ భేదమును నోటితో చెప్పుట సులభము. అది ఆచరణలో పరీక్షకు నిలుచు చోట్లు అరుదు. అస్సాం రాష్ట్రమందలి కాజిరంగా అట్టి చోటు.

కాజిరంగాకు ఉత్తరమున బ్రహ్మపుత్రానది, దక్షిణమున కర్బీ ఆంగ్లాంగ్ కొండలు. 1974లో జాతీయోద్యానమై, 1985లో ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపు పొందిన ఈ అరణ్యము ఒంటికొమ్ము ఖడ్గమృగములకు లోకమున అతిపెద్ద నెలవు. వానకాలమున నది పొంగి అడవిని ముంచుట అచ్చట పరిపాటి. 2017 నాటి వరదలలో మూడు వందలకు పైగా మృగములు మరణించినవి. వానిలో అధికభాగము గడ్డిమైదానములలో తిరుగు పొట్టి జింకలు. తల్లిని ఎడబాసిన ఖడ్గమృగపు పిల్లలు, ఏనుగు గున్నలు నీటిలో కొట్టుకొని వచ్చును. ఇట్టి ప్రాణులను కాపాడి తిరిగి అడవికి చేర్చుటకై 2002లో అస్సాం అటవీశాఖ, వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా మొదలగు సంస్థలు కలిసి అచ్చట ఒక పునరావాస కేంద్రమును నెలకొల్పినవి.

వరద ప్రకృతిధర్మము గదా, శివసంకల్పమునకు మనుజుడు అడ్డుపడనేల యని కొందరు ఆక్షేపింతురు. ఇది త్రోసివేయదగిన ఆక్షేపణ కాదు. ఆ వరదయే మడుగులను నింపి, కొత్త ఒండ్రు పరచి, ఖడ్గమృగమునకు మేత పెంచుచున్నది. వరద లేని కాజిరంగా కొంతకాలమునకు కాజిరంగాయే కాకపోవును. కాని నీరు పెరిగినపుడు మృగములు దక్షిణపు కొండల కెక్కి ప్రాణములు దక్కించుకొనుట పూర్వమునుండియు ఉన్నది. ఆ దారికి అడ్డముగా నేడు జాతీయ రహదారి పోవుచున్నది. దాని పొడవున ఇండ్లును, హోటళ్లును వెలసినవి. ప్రాణభీతితో రోడ్డు దాటు జింకను లారీ గుద్ది చంపినచో అది నది చేసిన పని కాదు. కావున అచ్చటి సేవ ప్రకృతితో పోటీ కాదు. మూసిన దారికి మనుష్యజాతి చెల్లింపవలసిన ఋణము. ఋణము తీర్చువానికి దాత యను బిరుదు చెల్లునా?

ఇక ఆ సేవలోని కష్టము. ఖడ్గమృగపు పాలలో వెన్న మిక్కిలి తక్కువ. జాలిపడి చిక్కని గేదెపాలు పట్టినచో పిల్లకు మేలు కన్న కీడెక్కువ. జింకను తరిమి పట్టి పెనుగులాడించినచో దెబ్బ యొకటియు తగులకయే, ఆ భీతి చేతను శ్రమ చేతను కండరములు చెడి అది కొన్ని దినములకైనను చనిపోవచ్చును. అందుచే నేర్పరులు దాని కన్నులకు గుడ్డ కట్టుదురు; బిగ్గరగ మాటలాడరు; చీకటిగల చోట విడిచి తొలగిపోవుదురు. ఏనుగు గున్నకు తొలినాళ్లలో తోడు లేనిదే బ్రతుకు లేదు. కావున తోడిచ్చి, పిదప ఆ తోడును క్రమముగ తగ్గింతురు. మనుష్యునికి మాలిమియైన జింక వేటగానిని చూచి పారిపోదు గదా! ముద్దు గొలుపు పసికూనను ముద్దాడకుండుటయే వారి కాయకములో కఠినమైన భాగము. 2002 వరదలో దొరికిన ఒక ఆడ ఖడ్గమృగపు పిల్లను ఇట్లు పెంచి 2006లో మానస్ అరణ్యమునకు పంపిరి. వేటగాండ్ర వలన ఆ అడవిలో అప్పటికి ఖడ్గమృగజాతి రూపుమాసియుండెను. తరువాత మరికొన్ని చేరినవి, పిల్లలను కన్నవి.

ఆయ్దక్కి మారయ్య కథ శరణుల యిండ్లలో వినని వారుండరు. రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట అతని కాయకము. ఒకనాడు అతడు అవసరమునకు మించి తేగా, ఇది ఆశయని లక్కమ్మ మందలించి మిగులును తిరిగి పోసి రమ్మనెను. ఆ గింజలు దాసోహమునకే గదా తెచ్చినవి! సేవ మాటున సైతము ఆశ ప్రవేశించునని ఆ తల్లి గ్రహించెను. వరదలో చిక్కిన జింకపిల్లను ఇంటికి తెచ్చి, మెడకు గజ్జెలు కట్టి పెంచుకొనువాని హృదయము మంచిదే. కాని అందు మిగులు గింజలు కలవు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని నేరమనుచున్నది. లక్కమ్మ తీర్పుకూడ వేరుగ నుండదు.

ఈ విషయమున 2019 జూలైలో జరిగిన ఒక సంగతి తలపదగినది. కాజిరంగా వరదనుండి తప్పించుకొన్న ఆడపులి యొకటి రహదారి ప్రక్కనున్న ఒక దుకాణదారుని యింటిలో దూరి, మంచముపై పండుకొని నిద్రించెను. ఇంటివారు ప్రాణములతో బయటపడిరి. అచ్చటి వారు దానిని పట్టలేదు, కొట్టలేదు. పగలెల్ల నిద్రింపనిచ్చి, సాయంకాలము రహదారిపై వాహనములను నిలిపి, టపాకాయలు కాల్చి లేపగా అది రోడ్డు దాటి అడవి వైపునకు వెడలిపోయెను. ఆ గృహస్థుడు పులి పండుకొన్న దుప్పటిని, తలగడను భద్రపరచుకొందునని చెప్పినట్లు పత్రికలు వ్రాసినవి. ఒకనాటికి ఇల్లు విడిచి వెలుపల నిలుచుటయే అతడు చేసిన ఆతిథ్యము.

తెలుగు నాటను తుపానులకు కొదవ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకినపుడు విశాఖలో కంబాలకొండ అడవియు, జంతుప్రదర్శనశాలయు చెట్లు కూలి ఛిన్నాభిన్నమైనవి. అట్టి వేళ మఠములకు, కుటుంబములకు తగిన పని ఏదనగా, మృగమును ముట్టని పనియే అధికము. అటవీశాఖకు కబురంపుట, గుంపులను దూరముగ నిలుపుట, ఊరకుక్కలను కట్టివేయుట, రాత్రివేళ బండ్లు నెమ్మదిగ నడుపుట, అట్టపెట్టెలు, పాత బట్టలు సమకూర్చుట. బోనులు కడుగువారును, పాలసీసాలు మరిగించువారును అన్నము తినుటకు తీరిక లేక యుందురు. అన్నదాసోహపు వంటశాల నుండి వారికొక క్యారియరు పోవలెను. గూటినుండి పడిన పిల్లకు దెబ్బ తగులనిచో చేతికందు కొమ్మపై నిలిపి, దూరముగ జరిగి, తల్లి వచ్చునేమో చూడవలెను. దెబ్బ తిన్నదానిని గాలి తగులు చీకటి పెట్టెలో నుంచి, నోట నీరు పోయక, తెలిసినవారికి అప్పగింపవలెను. అప్పగించిన పిమ్మట మరల చూడబోవు కోరికను ఇంటి పిల్లలు అణచుకొనుట కొంత కష్టమే. పెద్దలు వారికి మారయ్య గింజల కథ చెప్పవచ్చును.