యయాతి అడిగింది, ఆమ్రపాలి చూసింది

గడ్డం కింద మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. సూది మొనంత రంధ్రంలోంచి, రెండు మూడు వెంట్రుకలు కలిపినంత సన్నటి ఆప్టికల్ ఫైబర్‌ను లోపలికి పోనిస్తారు. దవడ వెంట చర్మం కింద ఓ ఎర్రటి చుక్క మెల్లగా పాకుతూ కనిపిస్తుంది. అది దారి చూపే వెలుగు. అసలు పని చేసే 1470 నానోమీటర్ల లేజర్ కిరణం కంటికి ఆనదు. కత్తిగాటు లేదు, కుట్లు లేవు.

జారిన బుగ్గలను ఇలా బిగించుకుందామనుకునే మనిషికి ఇంట్లో తరచుగా ఎదురయ్యే మాట ఒకటుంది: ‘ఈ వయసులో ఇదంతా అవసరమా?’ దేహం ఎలాగూ నిలవదు, ముదిమిని ఒప్పుకోవడమే వివేకం అన్న పాత నమ్మకం దాని వెనక ఉంది. ఆ నమ్మకం చిన్నదేమీ కాదు.

మహాభారతం ఆదిపర్వంలో శుక్రుడి శాపంతో ముసలివాడైన యయాతి, కొడుకులను ఒక్కొక్కరినే పిలిచి తన ముదిమి తీసుకుని యవ్వనం ఇమ్మన్నాడు. పెద్దవాడు యదువు కుదరదన్నాడు. జుట్టు నెరుస్తుంది, ఒళ్లంతా ముడతలు పడుతుంది, పడుచువాళ్లకు లోకువైపోతానన్నాడు. ఈ భయాలే ఇవాళ క్లినిక్కుల్లో వినిపిస్తాయి. చివరికి చిన్నవాడు పూరుడు ఇచ్చాడు. కోరికకు అంతు లేదని చెప్పడానికే ఈ కథ చెబుతుంటారు గానీ, యయాతి చేసిన అసలు తప్పు తన ముసలితనాన్ని కన్నకొడుకు ఒంటికి తగిలించడం.

లేజర్ ఎవరి దగ్గరా అప్పు తేదు. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ మూడు పేటల తాడులాంటిది. దాదాపు 60 డిగ్రీల వేడి తగిలితే అది ముడుచుకుంటుంది. శరీరం దాన్ని గాయంగా లెక్కగట్టి కొత్త పోగులు అల్లడం మొదలుపెడుతుంది. ఆ బిగువు తెలియడానికి నెలలు పడుతుంది. గాయం మాన్పుకునే శక్తి ఎవరిది వాళ్లదే, అదీ వయసుతో సన్నగిల్లేదే. బాగా వేలాడే చర్మానికి ఈ చికిత్స చాలదు. ఒక్కోసారి చర్మం కాలవచ్చు, నరం మొద్దుబారవచ్చు. ఈ సంగతులు ముందే చెప్పని చోటికి వెళ్లకపోవడం మేలు.

ముడతలన్నీ వయసు తెచ్చినవీ కావు. జీవితమంతా నాట్లు వేసిన అవ్వ మొహాన్ని, జాకెట్టు చేతి కింద దాగిన ఆమె భుజం లోపలివైపు చర్మాన్ని పక్కపక్కన చూస్తే చాలు. రెండింటి వయసూ ఒకటే. తేడా చాలావరకు ఎండదే.

వైశాలిలో గణికగా పేరుపడి, తర్వాత భిక్షుణి అయిన ఆమ్రపాలి పేర థేరీగాథలో కొన్ని గాథలున్నాయి. జుట్టు మొదలుకొని పాదాల దాకా ఒక్కో అవయవం అప్పుడెలా ఉండేదో, ఇప్పుడెలా అయిందో ముసలితనంలో ఆమె చెప్పుకుంటుంది. దేన్నీ దాచదు. ఆ ముఖం గురించి అక్కడ మాట్లాడుతున్నది ఆ ముఖం గల మనిషే. ఇవాళ ‘అవసరమా’ అని ఆపేవాళ్లూ, ‘వదులైంది, బిగించుకో’ అని ప్రకటనలతో తొందరపెట్టేవాళ్లూ ముఖం గల మనిషి నోటి మాట లాగేసుకుంటున్నారు.

మంచి డాక్టరు ముందుగా చేతికి అద్దమిచ్చి, ‘మీకు ఇబ్బందిగా ఉన్నదేంటమ్మా?’ అని అడుగుతారు. అరవై ఏళ్లావిడ రెండు వేళ్లతో బుగ్గను చెవి వైపు లాగి చూసుకుంటుంది, వదిలేసి మళ్లీ చూసుకుంటుంది. పక్కనున్న కూతురు ఆ కాసేపూ ఆగగలిగితే, జవాబు ఆవిడే చెబుతుంది.