పది మీటర్లు ఎక్కడైనా పది మీటర్లేనా?

మాది నగరం. అనగానే ఏ నగరం అని అడుగుతారు. రేపల్లె పక్కన ఊరండీ, పేరే నగరం, అని చెప్పుకోవాలి. మా పిన్ని కూతురు ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. జాతీయ పోటీలు భోపాల్లో అని తెలిసినరోజు ఫోన్లో, "ఎక్కడైతే ఏముందే, పది మీటర్లు ఎక్కడైనా పది మీటర్లేగా" అన్నాను. "రైఫిల్ కేసు మోసుకుంటూ తెనాలిలో బండెక్కి చూడు అన్నయ్యా" అంది.

తగిన వేదిక ఏదో తేల్చటం తేలికే. ఎయిర్ రైఫిల్లో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. తగవుల్లేకుండా లెక్కతేలాలంటే ఎలక్ట్రానిక్ టార్గెట్లుండాలి, వందలమందికి సరిపడా లేన్లుండాలి. ఆరుబయట 50 మీటర్ల రేంజిలో ఎండ వీలైనంతవరకు షూటర్ వీపువైపు ఉండాలి. ఇవన్నీ ఉన్నవి దేశంలో కొన్నే: 1982 ఏషియన్ గేమ్స్‌కి కట్టిన ఢిల్లీ కర్ణీసింగ్ రేంజి, భోపాల్ అకాడమీ, తిరువనంతపురంలో వట్టియూర్కావు, అలాంటివి. పోటీలు ఎక్కువగా వీటి చుట్టూనే తిరుగుతాయి.

చిక్కు న్యాయం దగ్గర. ఇంజినీర్లకిది పాత లెక్కే. అందరి ప్రయాణాల మొత్తం తగ్గాలంటే వేదిక ఎక్కువమంది ఉన్నవైపు జరగాలి. అందరికన్నా దూరపువాడి కష్టం తగ్గాలంటే మధ్యకి జరగాలి. నువ్వు ఏ ఊళ్ళో పుడతావో తెలియదనుకుని నియమం రాయమంటాడు జాన్ రాల్స్, 1971లో వచ్చిన 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్'లో. అలా ఆలోచిస్తే నా ఓటు రెండోదానికే. తీరా చూస్తే దాదాపు భోపాలే వచ్చింది! చెల్లెలికి చెబితే నవ్వింది. అక్కడ రోజూ సాధన చేసేవాళ్ళకి ఆ వెలుతురు, ఆ టార్గెట్ల తీరు తెలుసు. 50 మీటర్ల వాళ్ళకైతే గాలి జెండా ఏ గంటకి ఎటు ఊగుతుందో కూడా తెలుసు. తనేమో పేపర్ టార్గెట్ మీద నేర్చుకున్న పిల్ల.

నాకు ద్రుపదుడు గుర్తొచ్చాడు. అర్జునుణ్ణి మనసులో పెట్టుకునే ఆ వంచలేని విల్లు చేయించాడని భారతం చెబుతుంది. విల్లూ ఒకటే, లక్ష్యమూ ఒకటే, కానీ కొలత ఒకరిది. ఇప్పుడు ద్రుపదులున్నారని కాదు. ఎవరి కుట్రా అక్కర్లేదు. రేంజి ఉన్నచోటే పోటీ, పోటీ జరిగినచోటే ఇంకాస్త డబ్బు, అంతే.

వంతులు వేస్తే? సర్వర్లకి నేను రోజూ వేస్తాను. సర్వర్లకి ఇంటర్ పరీక్షలుండవు, వయసు మీరదు. మా దగ్గరికి వంతొచ్చేసరికి ఈ పిల్ల ఏ ఉద్యోగంలోనో ఉంటుంది.

ఇంకో ముడి ఉంది. వట్టియూర్కావు రేంజి 2015 జాతీయ క్రీడల కోసం కట్టింది. 2018లో జాతీయ పోటీలు అక్కడే జరిగాయి, మన హైదరాబాద్ ఈషా సింగ్ 13 ఏళ్ళకే పిస్టల్ టైటిల్ కొట్టింది. అంటే పోటీ వస్తేనే రేంజి వస్తుంది. ఎప్పుడూ తగినచోటే పెడితే తగనిచోటు ఎప్పటికీ తగదు. అలాగని సిద్ధంగా లేని రేంజిలో జాతీయ పోటీ పెడితే, ఏడాదంతా కష్టపడ్డవాళ్ళు మన న్యాయానికి బలి. అది నాకు ఒప్పుకోబుద్ధి కాదు. జాతీయ పోటీ ఉన్నచోటే ఉండనీండి. జిల్లా, రాష్ట్ర పోటీలు మాత్రం రేంజి లేనివైపు రావాలి. పది మీటర్లకి పెద్ద స్టేడియం అక్కర్లేదు, రేపల్లెలో ఒక కల్యాణమండపమంత హాలు చాలు, నాలుగు ఎలక్ట్రానిక్ టార్గెట్లతో.

ఇదంతా చెప్పి, పోనీ విమానం టికెట్ కొంటానన్నాను. "వద్దులే, ఆ డబ్బులు పంపు. రెండ్రోజులు ముందెళ్ళి అక్కడి టార్గెట్ల మీద కాల్చుకుంటా" అంది. పంపాను.