పత్తి చేలోంచి బడికి

చి. మనవరాలికి,



నీ ఉత్తరం అందింది. పరీక్షల ముందు పత్తి తీతకు రమ్మన్నారని అమ్మానాన్నల మీద అలిగావు. వాళ్లకు నీ చదువంటే లెక్కే లేదని రాశావు. ఆ మాట నాకు కష్టంగా తోచింది తల్లీ. అందుకే నీకు ఒక పిల్లాడి సంగతి చెప్పాలనిపించింది.

అమెరికా దక్షిణాన అలబామాలో, ట్రాయ్ అనే ఊరి దగ్గర 1940లో జాన్ లూయిస్ పుట్టాడు. నల్లజాతి రైతు ఇల్లు. పదిమంది పిల్లల్లో మూడోవాడు. తల్లిదండ్రులు పరాయి పొలంలో పాలుకు సేద్యం చేసి, కూడబెట్టి, 1944లో 300 డాలర్లకు 110 ఎకరాలు కొనుక్కున్నారు. ఇంట్లో కరెంటు లేదు, కుళాయి లేదు. పత్తి తీసేటప్పుడు మనం నడుముకు ఒడి కట్టుకుంటాం కదా, అక్కడివాళ్లు భుజానికి పొడవాటి సంచి తగిలించుకుని సాళ్ల వెంట ఈడ్చుకుంటూ పోయేవారు. విచ్చిన కాయ అంచులు గోళ్ల మొదట్లో గుచ్చుకుని నెత్తురు చిమ్మడం మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

పొలంలో పని ముదిరిన రోజుల్లో జాన్‌ను బడి మాన్పించేవారు. వాడేమో పొద్దున్నే తయారై వసారా చెక్కల కింద దాక్కునేవాడు. బడి బస్సు చప్పుడు వినపడగానే ఒక్క పరుగున వెళ్లి ఎక్కేసేవాడు. ఇంటికొచ్చాక తిట్లు తప్పేవి కావు. అంత సంసారంలో రెండు చేతులు తగ్గితే ఆ రోజు పత్తి చేలోనే ఉండిపోతుంది మరి! తండ్రి కోపం న్యాయమే, పిల్లాడి పరుగూ న్యాయమే.

పేదింట్లోనే ప్రేమలుంటాయని మురిసిపోయేవాళ్లున్నారు. నేను ఆ మాట అనను. అమ్మానాన్నల ప్రేమ జాన్‌కు లైబ్రరీ తలుపు తెరవలేకపోయింది. 1956లో ఊరి లైబ్రరీలో పుస్తకాలు తీసుకునే కార్డు అడిగితే తెల్లవాళ్లకే ఇస్తామని పంపేశారు. గొడవల జోలికి పోవద్దని ఇంట్లో భయంతో చెప్పేవారు. ఆయన వినలేదు. 1965లో నల్లవాళ్ల ఓటుహక్కు కోసం అలబామాలోనే సెల్మా అనే ఊరి వంతెన మీద నడిచి, పోలీసుల దెబ్బలకు తల పగలగొట్టించుకున్నాడు. తర్వాత అమెరికా కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. 1998లో అదే లైబ్రరీ ఆయనకు కార్డు ఇచ్చింది. ఇంత ఎదిగినా తన పత్తి చేనును, కన్నవాళ్ల కష్టాన్ని ఎక్కడా దాచుకోలేదు. తన జీవితకథలో ఆ పొలం గురించి వివరంగా రాసుకున్నాడు.

నువ్వూ ఎదురు చెప్పు, తప్పులేదు. చదువు మాత్రం మానకు. కానీ వాళ్లకు లెక్కలేదన్న మాట ఇంకెప్పుడూ అనకు. నీ కాలేజీ ఫీజు కోసం మీ నాన్న పాలిచ్చే గేదెను అమ్మాడు. నీకు చెప్పొద్దన్నాడు. నీకు తెలియాలని నేనే చెబుతున్నాను.

ఈ రాత్రే నాన్నకు ఫోన్ చేసి పరీక్షల తేదీలు చెప్పు. ఆ రోజులకు కూలీలను మాట్లాడే పని నేను చూసుకుంటాను. పరీక్షలయ్యాక వచ్చి, అమ్మ పక్కన నిలబడి ఒక తీత తీసి వెళ్లు.

ఇట్లు,
తాతయ్య