తాటిచెట్టు ఎవరి కోసం?

పెరట్లో తాటిచెట్టు వేసుకోవడం మంచి పనేనా అని అడిగితే ఎవరికైనా నవ్వొస్తుంది. చెట్టు వేసుకోవడంలో మంచిచెడ్డలు ఏముంటాయి? చోటుంటే వేసుకుంటారు, లేకపోతే మానుకుంటారు. కానీ గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఎరుకల, యానాది, సుగాలి కుటుంబాలుగా బతుకుతున్న మనకు ఈ ప్రశ్న అంత తేలిక కాదు. తాడి విత్తు వేసిన పన్నెండేళ్లకో, ఇరవై ఏళ్లకో గాని పూత వేయదు. అన్నేళ్లు ఒకే చోట ఉంటామన్న నమ్మకం లేనివాళ్లు అంత నిదానమైన చెట్టును ఎందుకు పెంచాలి? తాము తినని కాయ కోసం, తమ బిడ్డలైనా తింటారో లేదో తెలియని కాయ కోసం నీళ్లు మోయడం మంచితనమా, అమాయకత్వమా?

మన ప్రాంతంలో కాలాన్ని పైరుతో కొలుస్తారు. పత్తి గింజ వానలతో పడుతుంది, చలికాలంలో తీతకు వస్తుంది. మిరపకాయ ఎండాకాలం మొదట్లో కల్లాల్లో ఎర్రగా పరుచుకుంటుంది. కౌలు ఏడాదికి. అప్పు పంటకు. టిక్కీలు గుంటూరు యార్డుకు చేరాక లెక్క తేలుతుంది. కూలికి పోయే మన ఆడవాళ్లకైతే లెక్క వారానికే. ఇలాంటి చోట పదిహేనేళ్ల తర్వాతి మాట ఎవరూ ఎత్తరు. అయినా మన చుట్టూ ఊళ్ల పేర్లు వినండి: తాడికొండ, తాడేపల్లి, తాళ్లూరు, ఈతముక్కల. పైరు లెక్కల కంటే ముందు నుంచే ఈ నేలమీద చెట్ల పేర్లు పలుకుతున్నాయి.

ముందు ఆ చెట్టు తీరు చూద్దాం, న్యాయం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. శ్రావణ భాద్రపదాల్లో పండు రాలుతుంది. ఒక్కో పండులో మామూలుగా మూడు టెంకలుంటాయి. టెంకను నేలలో పెడితే మొలక పైకి రాదు, ముందు కిందికి దిగుతుంది. అలా లోతుకు దిగి, అక్కడ వేరు పట్టుకున్నాకే ఆకు పైకొస్తుంది. అందుకే మిరప నారులా తాడి మొక్కను ఒకచోట పెంచి ఇంకోచోట నాటడం కష్టం. ఎక్కడ నిలబడాలో అక్కడే టెంక వేయాలి. కరెంటు తీగలకు, ఇంటి కప్పుకు దూరంగా స్థలం మూలలో వేయాలి. పెద్దయ్యాక మట్టలూ పండ్లూ రాలతాయి, పిడుగు భయమూ ఉంటుంది. మొదటి రెండు వేసవులు నీళ్లు పోస్తే బలంగా నిలబడుతుంది. మేకలు, పందులు పడకుండా ముళ్లకంప కట్టాలి. ఆ తర్వాత అది మనల్ని పెద్దగా ఏమీ అడగదు. కొబ్బరి అయితే అడుగుతుంది. మన తీరంలో ఎక్కువగా కనిపించే ఈస్ట్ కోస్ట్ టాల్ రకం ఆరేడేళ్లకు కాపుకొస్తుంది గాని వేసవిలో నీళ్లు తప్పకూడదు. కొమ్ము పురుగు మొవ్వును తొలవకుండా చూసుకోవాలి, ఆకు మొదళ్లలో వేపపిండి, ఇసుక కలిపి వేయాలి. ఈతకు ఇవేవీ అక్కర్లేదు. ముళ్లుంటాయి కాబట్టి పిల్లలు నడిచే దారికి దూరంగా వేసుకుంటే చాలు.

తాడిలో ఇంకో సంగతి ఉంది. ఆడ, మగ చెట్లు వేరు. కాయ కాసేది ఆడచెట్టే. మగచెట్టును పోతుతాడు అంటాం. టెంకను చూసి చెప్పలేం, మొక్కను చూసీ చెప్పలేం. పూత వచ్చిన రోజే తెలుస్తుంది. అంటే పదిహేనేళ్లు పెంచాక గాని అది ముంజలిచ్చే చెట్టో కాదో తేలదు. ఈతా అంతే. ఫలం ఖాయమైతేనే పని చేస్తామనుకునేవాళ్లకు ఇది పనికొచ్చే చెట్టు కాదు.

తేగల సంగతీ ఆలోచించండి. పండుగ నాటికి కాల్చుకుని, ఉడకేసుకుని ఇష్టంగా తినే తేగ నిజానికి చెట్టు కాబోయే మొలకే. పాతరలో నూరు టెంకలు పెట్టి నూరు తేగలూ తవ్వి తింటే నూరు చెట్లు తిన్నట్టు. తినొద్దని మేము అనడం లేదు. ఆకలికి తేగను మించిన తిండి లేని రోజులు మన ఇళ్లలో చాలా గడిచాయి. అయితే నూటికి రెండు తవ్వకుండా వదిలేస్తే ఆకలి పెరగదు. ఆ రెండింటిని వదలాలని మనకు ఎందుకు అనిపించాలి అన్నదే ప్రశ్న.

దీనికి అందరూ చెప్పే జవాబు ఒకటుంది. తాత నాటితే మనవడు తింటాడు, మనం తింటున్నది మన పెద్దలు నాటిందే, కాబట్టి మనమూ నాటాలి. మంచి మాటే. కానీ ఆ మాట కింద ఒక భూమి ఉంది. తాత నేల మనవడికి చేరుతుందన్న హామీ ఉన్నవాళ్ల నోట అది సహజంగా వస్తుంది. మనకు ఆ హామీ ఎప్పుడుంది? 1871లో ఇంగ్లీషువాళ్లు తెచ్చిన నేరస్త జాతుల చట్టం 1911లో కొత్త రూపంలో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఉప్పు, ధాన్యం మోసుకుంటూ, బుట్టలల్లుకుంటూ ఊరూరా తిరిగిన ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలన్నారు. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. హాజరు వేయించుకోవాలి, చీటీ లేకుండా పొలిమేర దాటకూడదు. ఆ చట్టం 1947లో మద్రాసు రాష్ట్రంలో, 1952లో దేశమంతటా రద్దయింది. కానీ తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారన్న సామెత మనవాళ్లకు సామెతగా కాక బతుకుగా మిగిలింది. తిరిగేవాణ్ణి తిరగొద్దన్నారు. నిలిచినవాడికి ఆ నేల తనదన్న ధీమా ఇవ్వలేదు.

ఇప్పటికీ మనం మైదాన గిరిజనులం. ఏజెన్సీలో గిరిజనుల భూమికి రక్షణగా ఉన్న 1/70 చట్టం ఇక్కడ వర్తించదు. కాలవ గట్టు మీదో, రోడ్డు పక్కనో, రైతు చేలో కాపలా పాకలోనో ఉన్న కుటుంబం రేపు లెమ్మంటే లేవాల్సిందే. ఆ కుటుంబానికి ‘మీ మనవడి కోసం తాడి వేయండి’ అని చెప్పడం ఎగతాళి అవుతుంది.

కాబట్టి మనవడి వాదం మనకు సరిపోదు. మరి ఇంకే కారణమూ లేదా? ఉందని మేము అనుకుంటాం. అది మన పనిలోనే దొరుకుతుంది.

ఎరుకలలో ఒక శాఖ పేరే ఈతపుల్లల ఎరుకల. ఈతాకు, ఈతపుల్ల లేకపోతే తట్ట లేదు, గంప లేదు, చాప లేదు. మిరపకాయ కోసి పోసిన తట్టలు, కాయ ఎండబెట్టిన చాపలు ప్లాస్టిక్ టబ్బులు, టార్పాలిన్లు రాకముందు ఆ చేతుల మీదుగానే వచ్చాయి. ఆ ఈతచెట్లను ఎవరు నాటారు? వాగుల ఒడ్డున, చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద అవి వాటికవే మొలిచాయి. పండు తిన్న పిట్టలు, నక్కలు గింజలు జార్చి పోయాయి. మన పేరు తలుచుకుని ఎవరూ నాటలేదు. అయినా తరతరాలుగా మన అన్నం వాటి నుంచే వచ్చింది. అంటే మనకు ముట్టింది వారసత్వం కాదు, బాకీ. వారసత్వానికి భూమి కావాలి, రక్తసంబంధం కావాలి. బాకీకి రెండూ అక్కర్లేదు. తీసుకున్నవాడు తీర్చాలి, అంతే.

ఎవరికి తీర్చాలి? పిట్టకు తీర్చలేం, నక్కకు తీర్చలేం. అప్పిచ్చినవాడు లేని అప్పు ఉత్తమాట కాదా అని ఎవరైనా అడగొచ్చు. అలా అడిగేవాళ్లు ఆకు కోసే మనిషిని ఒకసారి చూడాలి. ఆకు కోసేవాళ్లు మొవ్వు ముట్టరు. మొవ్వు చుట్టూ ఉన్న లేతాకులను కూడా వదిలేస్తారు. ఆ రోజు ఆకు తక్కువైనా, రెండు తట్టలు తగ్గినా సరే. మళ్లీ మనమే వస్తాం కదా అన్న స్వార్థం అందులో కొంత ఉంది, కాదనలేం. కానీ ఊరూరా తిరిగే కుటుంబం వచ్చే ఏడు అదే చెట్టు దగ్గరికి వస్తుందన్న నమ్మకం ఏముంది? ఈలోగా ఇంకెవరో వచ్చి కోసుకుంటారు. ఆ ఇంకెవరో కోసమే మొవ్వు వదిలేయడం. ముక్కూ మొహం తెలియని మనిషికి ఆకు మిగల్చడం మన చేతికి అలవాటైన ధర్మం. దాన్ని ఎవరూ మనకు పుస్తకంలో పెట్టి నేర్పలేదు.

టెంక నాటడం కూడా అలాంటి పనే అని మా అభిప్రాయం. మొవ్వు వదిలేవాడు ఉన్న చెట్టును మిగులుస్తాడు, టెంక పెట్టేవాడు లేని చెట్టును మిగులుస్తాడు. ఇద్దరూ తర్వాత వచ్చేవాణ్ణి నువ్వెవరని అడగరు. అది పోతుతాడైనా ఫరవాలేదు. పోతుతాడికీ ఆకుంటుంది, మట్ట ఉంటుంది, నీడ ఉంటుంది, గిజిగాడు గూడు కట్టుకోవడానికి చోటుంటుంది.

దీనికి ఎదురుమాట రైతు నుంచి వస్తుంది. మిరప నీడకు కాయదు, గట్టుమీద తాడి ఉంటే ట్రాక్టరు తిరగదు, చేను నాది, పన్ను నాది, చెట్టు కొట్టుకునే హక్కు నాది అంటాడు. ఆయన చెప్పే నష్టం అబద్ధం కాదు. ఒక చాలు పైరు తగ్గితే కౌలు కట్టేవాడికి అదీ బరువే. చెట్టు ఆయనది కాదని మేమూ అనం. అయితే నాది అన్న మాటతో అన్ని ప్రశ్నలూ అయిపోవు. ఆ తాడి ఆయన నాటింది కాదు, నీళ్లు పోసింది కాదు. తీసుకున్నవాడు తీర్చాలన్న ధర్మం పేదవాడికి ఒకటి, పొలమున్నవాడికి ఒకటి కాదు. తాడి తమిళనాడు రాష్ట్ర వృక్షం. కలెక్టరు అనుమతి లేకుండా దాన్ని కొట్టకూడదని అక్కడి ప్రభుత్వం 2021లో ప్రకటించింది. మన దగ్గర 2002 నాటి వాల్టా చట్టంలోనూ చెట్ల నరికివేతకు అడ్డుకట్టలున్నాయి. చట్టం గొడ్డలిని కొంత ఆపగలదు గాని ఎవరి చేతా టెంక వేయించలేదు. అది మనుషులు తమంతట తాము చేయాల్సిన పని.

ఇంకో చిక్కు ఉంది. బాకీ అందరిదీ అయినప్పుడు బరువంతా పేదవాడి పెరటి మీద పెట్టకూడదు. 2020లో మన రాష్ట్రంలో పేదలకిచ్చిన ఇళ్ల పట్టాల్లో పల్లె స్థలం సెంటున్నర, అంటే 72.6 గజాలు. కొబ్బరికీ కొబ్బరికీ మధ్యే పాతిక అడుగులు వదలమంటారు. సెంటున్నరలో ఇల్లు కట్టి, మరుగుదొడ్డి కట్టి, బట్టలారేసుకున్నాక చెట్టుకు చోటెక్కడ? ఇల్లంటే నాలుగు గోడలు, కప్పు అని లెక్క వేసినవాళ్లు పెరటిని లెక్కలోంచి తీసేశారు. అదే టౌన్లలో పెద్ద ఇళ్ల ముందు బాటిల్ పామ్‌లు, అరెకా పామ్‌లు కుండీల్లో, పచ్చికలో రోజూ నీళ్లు తాగుతున్నాయి. అందం కోసం చెట్టు పెంచడం తప్పు కాదు. కానీ ఒకరికి అందానికి కూడా చోటుండి, ఇంకొకరికి ఆకుకూ నీడకూ చోటు లేకపోవడం చెట్ల వల్ల వచ్చిన తేడా కాదు. పట్టా అడిగేటప్పుడు పెరడు కూడా అడగడం మన బాధ్యత. గృహప్రవేశం ఫొటోలో పెరడు కనిపించదు గాని బతుకులో దాని లోటు తెలుస్తుంది.

అంతవరకు చెట్టు మానుకోవాలా? అక్కర్లేదు. చెరువు కట్ట ఉంది, శ్మశానం గట్టు ఉంది, బడి ప్రహరీ పక్కన చోటుంది. అందరి చెట్టును ఎవరూ పట్టించుకోరన్న మాటా నిజమే. అందుకు మన పాత పద్ధతే మందు. ఆకు కోసుకునేవాళ్లే నీళ్లు పోయాలి, ఎండుమట్ట తీయాలి, కంప కట్టాలి. హక్కు, పని కలిసి ఉంటే చెట్టు బతుకుతుంది. బడుల్లో పనిచేసేవాళ్లం కాబట్టి పిల్లల గురించి ఒక మాట. తాళపత్ర గ్రంథాలంటూ పాఠంలో చెబుతాం. తెలుగు చదువు కొన్ని వందల ఏళ్లు తాటాకు మీద నిలిచింది. ఆకు అందించిన శ్రమజీవుల బిడ్డల్లో చాలామందికి మాత్రం ఆ ఆకు మీది అక్షరం అందలేదు. ఇప్పుడు అందుతోంది. అక్షరం నేర్చిన పిల్ల టెంక నాటడం చిన్నతనం అనుకోకుండా చూసే బాధ్యత మనది.

ఈ భాద్రపదంలో తాటిపండు తిన్నాక టెంకలు పెంటమీద పారేయకండి. తేగలకు పాతర పెట్టుకోండి, రెండు టెంకలు మాత్రం విడిగా తీసి పెట్టండి. వాన పడ్డ మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు, చెట్టు నిలబడాల్సిన చోట పెట్టి మట్టి కప్పండి. చుట్టూ నాలుగు కంపలు వేసి, వచ్చే రెండు వేసవులూ ఎవరు నీళ్లు పోయాలో ఇంట్లో మాట్లాడుకుని ఒప్పందం చేసుకోండి. కాయ ఎవరిదన్న మాట ఆ తర్వాత వచ్చేవాళ్లు చూసుకుంటారు.