లస్కరు జీతం

కాలువల మీద పడవలు తిరిగిన రోజుల నాటి కథ ఇది. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టించాక కాలువల్లో నీళ్లతోపాటు సరుకూ నడిచింది. కొండల నుంచి వెదురు, చింతపండు, లంకల నుంచి అరటి గెలలు, కూరగాయలు పడవలకెక్కి గోదావరి మీద వచ్చేవి. ధవళేశ్వరం లాకు దాటితేనే అవి తూర్పు కాలువలో పడేది. అక్కణ్ణుంచి కడియం మీదుగా కాకినాడ దాకా దారే దారి.

ఆ లాకుకు ఒక్కడే లస్కరు. ఏటి వైపు నుంచి పడవ లాకు తలుపుల మధ్య తొట్టిలోకి రాగానే వెనక తలుపులు మూసేవాడు. చక్రం తిప్పి కాలువ వైపు తూము పలకలు పైకెత్తేవాడు. నీళ్లు సుళ్లు తిరుగుతూ కాలువలోకి పోతుంటే, పడవ రాతిగోడను ఒరుసుకుంటూ కొంచెం కొంచెంగా దిగేది. గోడ మీది పాచి చారలు ఒక్కొక్కటే బయటపడేవి. తొట్టిలో నీళ్లూ కాలువలో నీళ్లూ ఒక్క మట్టానికొచ్చాక దూలానికి వీపు ఆనించి నెడితే తలుపు కదిలేది. అంతకు ముందు ఎంతమంది నెట్టినా కదిలేది కాదు. మళ్లీ ఏటి వైపు నీళ్లు పెట్టి తొట్టి నింపడం ఇంకో విడత పని. కొత్త ధాన్యం వచ్చే రోజుల్లో రెండు వైపులా పడవలు బారులు తీరేవి. ఇంకో మనిషిని వేయమని సరంగులు అర్జీ పెట్టుకుంటే, పద్దులో డబ్బు లేదని కచేరీ నుంచి జవాబొచ్చింది.

అప్పుడో బియ్యం షావుకారు ముందుకొచ్చాడు. ధర్మం తెలిసిన మనిషి. "రెండో లస్కరు జీతం నేనిస్తానండి. నాకేం వద్దు, పడవలు కదిలితే చాలు" అన్నాడు. కచేరీవాళ్లు సంతోషించారు. చురుకైన కుర్రాణ్ణి ఒకణ్ణి పెట్టారు. బారులు సగానికి తగ్గాయి. వాన ముసురుకొచ్చినా ఆగకుండా సరుకు కదిలింది. ఊరంతా షావుకారుకు దణ్ణం పెట్టింది. పెట్టాల్సిందే మరి.

ఆయన ఏ నాడూ లాకు దగ్గరికొచ్చి "నా పడవ ముందు వదలరా" అనలేదు. ఈ మాట గుర్తుంచుకోవాలి.

కానీ కుర్రాడు నెలాఖరున జీతానికి షావుకారు కొట్టుకే వెళ్లేవాడు. గుమాస్తా రూపాయలు లెక్కపెట్టి చేతిలో పోస్తూ, "మన పడవలు మొన్న మధ్యాహ్నం దాకా ఆగాయట గదా" అనేవాడు. కోపంగా అనేవాడు కాదు, ఏదో మాటవరసకి. కుర్రాడు తల గోక్కుని వచ్చేసేవాడు.

ఒక తెల్లవారుజామున లంక రైతు ఒకడు వంకాయ బుట్టలతో ఏటి వైపు వచ్చి ఆగాడు. తొట్టి నిండుగా ఉంది. తలుపు తీస్తే చాలు, పడవ లోపలికొస్తుంది. ఆ వేళకే కాలువ వైపు షావుకారు ధాన్యం పడవలు కనిపించాయి. కుర్రాడు లంక పడవను ఆపి, ఉత్త తొట్టిని దించేశాడు. నిండా ఉన్న నీళ్లు వృథాగా కాలువలో కలిశాయి. షావుకారు పడవలు ఒక్కొక్కటే ఎక్కాయి. ఒక్కో పడవకు ఒక్కో విడత. ఎండెక్కింది.

పెద్ద లస్కరు చూసి అడిగాడు: "ఏరా అబ్బాయ్, తొట్టి నిండుగానే ఉంది గదా. లంక పడవను దించుతూ కిందికెళ్తే ఒక విడత కలిసొచ్చేది గదా?"

"షావుకారు గారి పడవలు కాసుకునున్నాయి బాబాయ్."

"ఆయన చెప్పారా?"

"ఆయనెందుకు చెబుతారు? నాకు తెలీదేటి?"

లంక రైతు చేరేసరికి కడియంలో బేరాలు అయిపోయాయి. వాడిన వంకాయలు దళారి అడిగిన ధరకే పోశాడు. తిరిగొస్తూ లాకు దగ్గర ఆగి, "లాకు సర్కారుది కాదాండీ?" అని అడిగాడు. పెద్ద లస్కరు దగ్గర దానికి జవాబు లేదు.

కొన్నేళ్లు గడిచాయి. పెద్ద లస్కరు పని మానుకున్నాడు. ఎలాగూ ఒక మనిషి ఉన్నాడు గదా అని కచేరీ ఆ ఖాళీ నింపలేదు. ఈలోగా రోడ్డు పడింది. షావుకారు సరుకు లారీలకెక్కింది. కాలువతో ఆయనకిక పని లేదు. ఆ నెల నుంచి జీతం ఆపేశాడు. కుర్రాడు వేరే పని చూసుకున్నాడు. మర్నాటి పొద్దున్న లాకు దగ్గర తలుపు తీసే మనిషే లేడు. పడవలు రెండు వైపులా నిలిచిపోయాయి.

సరంగులూ రైతులూ షావుకారు ఇంటికి వెళ్లారు, పెద్ద లస్కరును వెంటబెట్టుకుని. షావుకారు నొచ్చుకున్నాడు. "నేను మంచికే ఇచ్చాను గదండీ?"

"మంచికే ఇచ్చారు బాబూ. తప్పు మాది" అన్నాడు పెద్ద లస్కరు. "తమరి డబ్బు కచేరీలో కట్టించుకోవలసింది. తమ కొట్లో పుచ్చుకున్నాం."

ఆ మీదట పడవ మోసే బరువును బట్టి అందరూ కచేరీలో సుంకం కట్టారు. షావుకారు కూడా తనకు తోచింది అక్కడే కట్టాడు. కొత్తగా వేసిన లస్కర్లు ఇద్దరూ కచేరీలోనే జీతం తీసుకున్నారు. వచ్చిన వరసన పడవలు వదిలారు.

నీతి: అందరి దారి మీద నిలబడే మనిషికి జీతం అందరి ఖజానా నుంచే అందాలి. ఆ ఖజానాలో ఎవరు ఎంత వేసినా కాదనక్కర్లేదు.

ఈ నీతి పడవలతో పోలేదు. హైదరాబాదులో సైబరాబాద్ పోలీసులూ ఐటీ కంపెనీలూ కలిసి ఏర్పాటు చేసుకున్న సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ ఉంది. కంపెనీల డబ్బుతో ట్రాఫిక్ మార్షల్స్ కూడళ్లలో పోలీసులకు సాయంగా నిలబడుతున్నారు. మండే ఎండలో, హారన్ల రొదలో వాళ్లు చేసే పని చూసినవాళ్లెవరూ తక్కువ చేసి మాట్లాడలేరు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం పెద్ద కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలి. అందులో కొంత మన రోడ్ల మీదికి రావడం మంచిదే. నా బెంగ ఇతర కూడళ్ల గురించి. కంపెనీ గేటున్న కూడలికి మనిషి దొరుకుతాడు. సర్కారు ఆసుపత్రి ఎదుట, చంటిపిల్లతో రోడ్డు దాటలేక నిలబడ్డ తల్లి ఉన్న కూడలికి ఎవరిస్తారు? లాభాలు తగ్గితే ఆ 2 శాతం కింద వచ్చే డబ్బూ తగ్గుతుంది. బళ్లు తగ్గవు.

దీనికి దారి ఒక పాత చట్టంలోనే ఉంది. 1861 పోలీసు చట్టం 13వ సెక్షను ప్రకారం, అవసరమున్నవాళ్లు అడిగితే వాళ్ల ఖర్చుతో అదనపు పోలీసులను ఇవ్వవచ్చు. కానీ ఆ పోలీసులు పూర్తిగా జిల్లా సూపరింటెండెంటు ఆజ్ఞలోనే ఉండాలి. వద్దనుకుంటే డబ్బిచ్చేవాళ్లు నెల ముందు నోటీసు ఇవ్వాలి. ఆజ్ఞ ఎవరిదో, డబ్బు ఆగేముందు ఎంత గడువో రెండూ అందులో రాసి ఉన్నాయి. మా పెద్ద లస్కరు అన్న మాటే అది.

ఆ మాట మళ్లీ ధవళేశ్వరానికే అవసరం. 2027లో గోదావరికి పుష్కరాలు. పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన కాటన్ బ్యారేజీ మీది రోడ్డు ధవళేశ్వరం నుంచి విజ్జేశ్వరం దాకా బళ్లతో నిండిపోతుంది. 2015 పుష్కరాల మొదటి రోజే రాజమండ్రి ఘాట్‌లో తొక్కిసలాట జరిగి ప్రాణాలు పోయాయి. రద్దీని దారిలో పెట్టే మనిషి విలువ ఈ తీరానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కంపెనీలు మనుషుల్నిస్తామని వస్తే రెండు చేతులా ఆహ్వానిద్దాం. డబ్బు చలానాతో ఖజానాకు కట్టాలి. ఏ కూడలికి ఎవరిని వేయాలో పోలీసు అధికారి తేల్చాలి, ఘాట్‌కు నడిచివెళ్లే ముసలివాళ్ల దారిని ముందు చూసి. ఎవరు ఎంతిచ్చారో, ఎన్నాళ్లకిచ్చారో ఉన్న కాగితం రాజమండ్రి కార్పొరేషన్ నోటీసు బోర్డు మీద జనానికి కనబడాలి. పుష్కరాలయ్యాక కూడా ఆ మనుషులు కావాలనుకుంటే వాళ్ల జీతం ఏ పద్దు నుంచి వస్తుందో మొదటి రోజే అదే కాగితంలో రాయించుకోవాలి.